రెనో ఉరఫ్ రెనాల్ట్

2023 చలికాలం. బోధన్ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు తిరగడం అప్పుడే మొదలైంది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, గుడి దగ్గర నుంచి క్లినిక్కుల వైపు పోయే సందులో నాకొక చిన్న సైన్‌బోర్డు దుకాణం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా అక్షరాలు రాసి బతుకుతున్నాను. ఈ మధ్య ఎక్కువ పని వినైల్‌దే. వినైల్ అంటే వెనక జిగురుండే పలుచని రంగు ప్లాస్టిక్. కంప్యూటర్‌లో అక్షరం దిద్దితే ప్లాటర్ అనే యంత్రం దాన్ని కత్తిరించి ఇస్తుంది, మనం అతికిస్తాం. అయినా ఎండకు వెలిసిపోని బోర్డు కావాలనుకునేవాళ్లు ఇంకా ఇనుప రేకు మీద ఎనామెల్ పెయింట్‌తో చేత్తోనే రాయించుకుంటారు.

బోర్డు రాసేవాడికి చదువెందుకు, ఇచ్చిన మాటను చూసి దించడమే కదా అని కొందరు అడుగుతుంటారు. నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. అయితే ఎనామెల్‌లో మొదటి కోటు ఆరేదాకా రెండో కోటు వేయరాదు. ఆ మధ్యలో చేసే పని ఏమీ ఉండదు. ఆ సమయమంతా నేను పట్టణ గ్రంథాలయంలో కూర్చున్నాను. నా చదువంతా పెయింట్ ఆరే లోపల చదువుకున్నదే. ఆ చదువు పనికి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అది పనికి వచ్చి కూడా సరిపోని సందర్భం మాత్రం ఒకటుంది. అదే ఇక్కడ చెబుతున్నాను.

ఒకరోజు పొద్దున ఎడపల్లి నుంచి గంగారాం అనే మెకానిక్ తన భార్య సుజాతను బండి మీద ఎక్కించుకొని వచ్చాడు. పద్దెనిమిదేళ్లు సౌదీలో, దమ్మాంలో ఒక గ్యారేజ్‌లో పనిచేసి ఛుట్టీ మీద వచ్చిన మనిషి. చేతి గోళ్ల చుట్టూ ఎన్ని సబ్బులు పెట్టినా పోని నలుపు. సుజాత ఇంటి దగ్గర బీడీలు చేస్తుంది.

"అన్నా, గ్యారేజ్ వెడుతున్న. ఎడపల్లిల, రోడ్డు మీదనే. బోర్డు గావాలె," అన్నాడు గంగారాం.

"ఏం రాయాలి?"

"ఫారిన్ కార్లు బాగు చేయబడును అని పెద్దగ. దాని కింద కంపెనీల పేర్లు. తెలుగుల."

"జల్ది రాసియ్యి అన్నా," అంది సుజాత. "ఈయన కఫీలు ఉగాది దాక్నే ఛుట్టీ ఇచ్చిండు. అప్పటిదాంక గ్యారేజ్ నడిస్తే ఈడ ఉంటడు. నడువకపోతే మళ్ల విమానమెక్కుతడు."

కఫీల్ అంటే అక్కడ వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఉగాది లోపల తిరిగి పోకపోతే ఆ వీసా చెల్లదు. పోతే మళ్లీ ఎన్నేళ్లకు వస్తాడో తెలియదు. సుజాత నవ్వుతూనే చెప్పింది కానీ, చెప్పిన తర్వాత మొగుడి వైపు చూడకుండా నా రంగు డబ్బాల వైపు చూసింది.

ఆయన లెక్క తప్పు కాదు. హైదరాబాద్‌లో నాలుగేళ్లు తిరిగిన విదేశీ కంపెనీల కార్లు సగం ధరకే దొరుకుతున్నాయి. చెరకు, పసుపు రైతులు వాటిని కొని తెచ్చుకుంటున్నారు. కారు ఆగిపోతే మాత్రం మళ్లీ హైదరాబాద్ దాకా మోసుకుపోవాలి. ఎడపల్లిలోనే చేయగలిగినవాడుంటే ఈ దిక్కు బండ్లన్నీ అక్కడికే వస్తాయి. ఉన్నాడని తెలియాలి, అంతే. ఆ తెలియజేసే పని బోర్డుది.

పలక మీద సుద్దతో రాసుకుంటూ, పేర్లు చెప్పమన్నాను.

"మొదటిది రెనో."

సుజాత పక్కున నవ్వింది. "రెనో ఏంది? రెనాల్ట్ గదా. మా తమ్ముని షావుకారికి ఉన్నది. ఊరంత రెనాల్టే అంటరు."

"ఊరంత తప్పంటరు. నేను పద్దెనిమిదేండ్లు గవే బండ్ల కింద పండుకున్న."

"కింద పండుకుంటె పేరు దెలుస్తదా?"

"ష్కోడా అని రాయన్నా," అన్నాడు ఆయన ఆమెను పట్టించుకోకుండా. "తర్వాత ఫోక్స్‌వాగన్. హుండే. నిస్సాన్."

"హుండే!" అంది సుజాత. "హుండాయ్ అంటేనే గుళ్లె హుండీ యాదికొస్తది. గిప్పుడు హుండే అట."

ఇక్కడ మా వృత్తిలోని ఒక చిక్కు చెప్పాలి. ఇంగ్లీషులో అయితే కంపెనీ వాడు రాసిన అక్షరాలే వరుసగా దించేయవచ్చు. చూసినవాడు తన నోటికి వచ్చినట్టు చదువుకుంటాడు. రాసినవాడి మీద ఏ భారమూ ఉండదు. తెలుగులో ఆ చాటు లేదు. మన లిపిలో ఏది రాస్తే అదే పలకాలి. రెనో అని రాస్తే రెనాల్ట్ అన్నవాళ్లు తప్పయిపోతారు. రెనాల్ట్ అని రాస్తే రెనో అన్నవాడు తప్పవుతాడు. విదేశీ పేరును తెలుగులో రాసే ప్రతివాడూ ఎవరో ఒకరి పక్షం వహించాల్సిందే.

"ఇంగ్లీషులో రాసేద్దామా?" అని అడిగాను.

"పట్నంల అందరు ఇంగ్లీషే వెడుతరు. నాకు వచ్చేటోళ్లు రైతులు. తెలుగు సదివెటోళ్లు. తెలుగుల ఒక్క బోర్డు జూపియ్యి ఈ రోడ్డు మీద," అన్నాడు గంగారాం. అదీ నిజమే.

"పోనీ, డస్టర్, పోలో అని బండ్ల పేర్లు రాద్దామా? జనం అవే అంటారు."

"బండ్ల పేర్లు రాసుకుంట పోతే రేకు సాలది. ఏడాదికొకటి కొత్తది దించుతరు. ఇంటి పేరు రాయాలె."

నాకు రెండు రోజులు గడువివ్వమని చెప్పి పంపించాను. ఆ మధ్యాహ్నం గ్రంథాలయానికి పోయాను.

అక్కడ లావుపాటి ఉచ్చారణ నిఘంటువు ఒకటుంది. దాని అంచుల దుమ్ము చూస్తే నాకు తప్ప వేరెవరికీ అవసరం పడినట్టు కనిపించదు. అందులో ప్రతి మాట పక్కన గొలుసు కట్టులాంటి గుర్తులతో ఎట్లా పలకాలో రాసి ఉంటుంది. ఆ గుర్తులు నేను చాలా ఏళ్ల కిందటే నేర్చుకున్నాను. చాలకపోతే అక్కడి కంప్యూటర్ దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకొని, ఏ దేశం వాళ్లు ఎట్లా అంటారో వాళ్ల గొంతులోనే విన్నాను.

రెనో విషయంలో గంగారాం మాట నిజం. ఫ్రెంచి వాళ్లు చాలా మాటల్లో చివరి అక్షరాలు రాస్తారు కానీ పలకరు. చివరన ఉన్న నాలుగు అక్షరాలకు కలిపి వాళ్ల నోట్లో వచ్చేది ఒక్క 'ఓ' మాత్రమే. ఇంగ్లండులోనూ దాదాపు అంతే. అమెరికాలో చాలామంది రాసింది రాసినట్టు రెనాల్ట్ అంటారు. అంటే ఈ ఒక్క విషయంలో అమెరికా, బోధన్ ఒక మాట మీద ఉన్నాయి.

ష్కోడా చెక్ దేశపు పేరు. ఆ మొదటి అక్షరం మీద మన తలకట్టులాంటి చిన్న గుర్తు ఉంటుంది. అది ఉంటే 'ష', లేకపోతే 'స'. పేరు తన దేశం దాటేటప్పుడు ఆ గుర్తు ఊడిపోయింది, స్కోడా అయింది. తలకట్టు జారిపోతే మాట మారిపోతుందని బోర్డు రాసేవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంకొకటి కూడా అక్కడే తెలిసింది. అది ఆ కంపెనీ పెట్టినవాళ్ల ఇంటి పేరే అయినా, వాళ్ల భాషలో ఆ మాటకు 'నష్టం' అనీ 'అయ్యో' అనీ అర్థాలు ఉన్నాయి.

జర్మన్లకు 'వి' అక్షరం 'ఫ' పలుకుతుంది, 'డబ్ల్యూ' అక్షరం 'వ' పలుకుతుంది. అందువల్ల అది ఫోల్క్స్‌వాగెన్. ఇంగ్లీషు వాళ్లు వోల్క్స్‌వ్యాగన్ అన్నారు, వాళ్ల నుంచి మనకు వచ్చేసరికి గూడ్సు బండి వ్యాగన్ లాగా వినిపించడం మొదలైంది. హ్యుందాయ్‌ని కొరియాలో పుట్టినవాళ్లు హ్యొన్‌దే అంటారు. అమెరికాలో అది సండేకు జోడీగా హన్‌డే. ఇంగ్లండులో హ్యుండై. మా దగ్గర హుండాయ్. జపాను వాళ్లు నిస్సాన్ అనేటప్పుడు 'స్స' మీద నిలబడి పలుకుతారు, అమెరికా వాళ్లు నీసాన్ అని ముందు అక్షరాన్ని సాగదీస్తారు. ఒకే బండి ఓడ దిగిన ప్రతి రేవులో కొత్త పేరుతో తిరుగుతోంది. ఏ దేశమూ పక్క దేశపు పేరును ఉన్నదున్నట్టు నోట్లో పెట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత వచ్చినప్పుడు ఇదంతా వాళ్లకు చెప్పాను. గంగారాం చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

"మా సౌదీల జూడాలె అన్నా నువ్వు. అరబ్బీల 'ప' అచ్చరమే లేదు. పెజో కారును బీజో అంటరు. పోర్షేను బోర్ష్ అంటరు. జీఎంసీ అని మూడచ్చరాల బండి ఉన్నది. మూడు కలిపి జిమ్స్ అంటరు. మొదట్ల నాకు దెల్వక, జిమ్స్ తియ్యి అంటె గ్యారేజంత దేవులాడిన."

"మరి అన్న జెప్పిన నష్టం సంగతేంది?" అంది సుజాత. "కొత్త గ్యారేజ్ మీద పెద్దక్షరాలతోని నష్టం అని రాయించుకుంటవా?"

"చెక్ భాషల నష్టం. ఎడపల్లిల ఎవలకు దెలుస్తది?"

"ఎడపల్లిల చెక్ భాష తెల్వదన్నప్పుడు ఫ్రెంచి భాష ఎట్ల దెలుస్తది?"

ఆ మాటకు నేను కూడా నవ్వాను. గంగారాం నవ్వలేదు. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, నా పేరేంది?" అన్నాడు.

"గంగారాం."

"ఆడ గాదు. ఇఖామా అని కార్డిస్తరు, ఆడ ఉండనీకి. దాని మీద పేరు అరబ్బీల రాస్తరు. వాళ్లకు 'గ' అచ్చరం లేదు. 'జ' రాసిండ్రు. పద్దెనిమిదేండ్లు నేను జాంజారాం. కఫీలు జాంజారాం అన్నడు, పోలీసోడు జాంజారాం అన్నడు, దవాఖాన్ల జాంజారాం అని పిలిస్తె లేసి పోయిన. నా పేరు గంగారాం అని మొదట్ల చెప్పిన. అందరు గట్లనే అంటున్నరు గదా, నీకేమైతది అన్నరు."

"ఎవరూ సరిగా అనలేదా?"

"ఈజిప్టోళ్లు అన్నరు. ఆ అచ్చరాన్నే వాళ్లు 'గ' అని సదువుతరు. వెల్డింగ్ జేసే ముసలాయన ఒకడుండె. ఒక్కడే గంగారాం అంటుండె. ఆయన పిలిస్తె పనిడిసిపెట్టి పోతుంటి."

ఆ విషయం సుజాతకు అప్పుడే తెలిసినట్టుంది. ఫోన్లో మాట్లాడినన్నాళ్లూ ఆమె ఆయనను ఆయన పేరుతో పిలిచి ఉండదు, మా దిక్కున భార్య అట్లా పిలవదు.

"దాని పేరు దానికి వెట్టాలె అన్నా. బండైతేంది, మనిషైతేంది," అన్నాడు గంగారాం.

బోర్డు అట్లాగే రాశాను. పసుపు రంగు నేల మీద నల్ల అక్షరాలు. లేఅవుట్, అంటే ఏ అక్షరానికి ఎంత చోటో ముందే గీసుకోవడం, ఈ బోర్డుకు రెండుసార్లు చేయాల్సి వచ్చింది. 'ష్కో'లో ఓత్వం పైకి పోతుంది, క ఒత్తు కిందికి దిగుతుంది. 'ఫోల్క్స్‌వాగెన్'లో ఒత్తులు, పొల్లు కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇంగ్లీషు అక్షరాలు మెట్ల మీద కూర్చున్నట్టు ఒకే గీత మీద ఉంటాయి, తెలుగు అక్షరాలకు పైన, కింద కూడా ఇల్లు కావాలి. రాసిన తర్వాత దూరం నుంచి చూస్తే ఆ బోర్డు నాకు చాలా బాగా కనిపించింది. అందులో ఒక్క తప్పు లేదు.

ఎడపల్లిలో రోడ్డు పక్కన ఇనుప గొట్టాలకు దాన్ని బిగించి వచ్చాం. కొన్ని వారాల తర్వాత సుజాత ఫోన్ చేసింది.

"అన్నా, నీ బోర్డు మస్తున్నది. పోరగాండ్లు ఫొటోలు దిగుతున్నరు. బండ్లే వస్తలెవ్వు."

"ఒక్కటీ రాలేదా?"

"ట్రాక్టర్ డైనమోలు వస్తున్నయి. స్కూటర్ పంచర్లు వస్తున్నయి. మొన్న ఒకాయన వచ్చి, రెనో అంటె ఇన్వర్టర్ కంపెనీ అనుకొని, బ్యాటరీ ఎంత అని అడిగిండు. నిన్న ఒకామె వచ్చి, రేణు అని రాయవోయి రెనో అని రాసిండ్రా, రేణుక ఎల్లమ్మ పేరు వెట్టుకున్నరా అని దండం వెట్టి పోయింది."

"గంగారాం ఏమంటున్నాడు?"

"ఏమంటడు. కఫీలు ఫోన్ జేసిండట, వస్తున్నవా లేదా అని. ఈయన సూట్‌కేసు దించి దుమ్ము దులిపిండు. మళ్ల పైన వెట్టిండు."

చెరకు కొట్టుడు జోరు మీదున్న రోజుల్లో ఒక పొద్దున, నా దుకాణం ముందు ట్రాక్టర్ ఆగింది. దాని వెనక తాడుతో కట్టిన తెల్ల డస్టర్ ఉంది. ట్రాక్టర్ మీద నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. బోధన్ అవతల సాలూర దిక్కు రైతు, పేరు నర్సారెడ్డి. తల మీద తువ్వాల, ముఖం నిండా చికాకు.

"ఏమయ్యా పెయింటరూ, నిజాంబాదుల రెనాల్ట్ బాగు జేసేటోడు ఎవలన్న ఉన్నడా? పొద్దుగాల నుంచి గుంజుకొస్తున్న."

"సాలూర నుంచి బోధన్ మీదుగానే వచ్చారా పటేలా?"

"మరి ఆకాశంల వస్తనా?"

"ఎడపల్లిలో పసుపు బోర్డు చూడలేదా?"

"చూసిన. ఫారిన్ కార్లని ఉంటె ట్రాక్టర్ ఆపిన గూడ. కిందికెళ్లి సదివిన. రెనో, ష్కోడా, ఇంకేదో నోరు తిరుగనిది. మనది గాదు, అవి గల్ఫు కార్లని ఎల్లొచ్చిన."

ఆయన బోర్డు చూడకుండా వచ్చి ఉంటే నాకు ఏమీ అనిపించకపోయేది. ఆపి, దిగి, చివరి దాకా చదివి వచ్చాడు. మా వృత్తిలో బైకు మీద పోయేవాడు మూడు మాటలకు మించి చదవడని లెక్క. ఈయన మొత్తం చదివాడు. బోర్డు చేయాల్సిన పనంతా చేసింది, ఒక్క మనిషిని లోపలికి పిలవడం తప్ప.

"పటేలా, అదే రెనాల్ట్. బండి వెనక్కి తిప్పండి," అన్నాను.

"మళ్ల గంత దూరం గుంజాల్నా? నువ్వు గూడ ఎక్కు. గాదని తేలితె నిన్నే తాడుకు కడుత."

షట్టర్ దించి ట్రాక్టర్ ఎక్కాను. ఎడపల్లి చేరేసరికి గంగారాం ఒక స్కూటర్ చక్రానికి గాలి పడుతున్నాడు. డస్టర్‌ను చూడగానే గాలి గొట్టం వదిలేసి లేచాడు. నర్సారెడ్డి మాత్రం ముందు బోర్డు కిందికి పోయి నిలబడ్డాడు.

"రె... నో," అని కూడబలుక్కుంటూ చదివాడు. "గిది రెనాల్టా? మరి 'ల్ట' యాడ వోయింది?"

"ఫ్రాన్సుల 'ల్ట' పలుకరు పటేలా," అన్నాడు గంగారాం అప్పటికే బానెట్ ఎత్తి.

"వాళ్లకు పలుకరాకుంటే మనమెందుకు ఇడిసిపెట్టాలె? రాసి ఉన్నదా లేదా బండి మీద? నేను మొత్తం బండి కొన్న, 'ల్ట'తో సహ."

ఇంటి లోపల బీడీల చాట ముందున్న సుజాత నవ్వాపుకోలేక బయటికి వచ్చింది.

బండికి పెద్ద జబ్బేమీ లేదు. చెరకు తోట పక్కన నిలిపినందుకు ఎలుక ఇంజన్‌లో దూరి వైర్లు కొరికింది. ఈ దిక్కున ఏ కారుకైనా వచ్చే కష్టమే. గంగారాం కొరికిన చోట్లన్నీ వెతికి అతికాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. నర్సారెడ్డి ముఖంలో చికాకు పోయింది, దాని చోట సందేహం వచ్చింది.

"పని మంచిగ జేసినవ్. మా దిక్కు ఇసొంటి బండ్లు ఇంకా ఉన్నయి. స్కోడాలు, వ్యాగన్లు. పంపుతా అంటె ఏమని పంపాలె? ఎడపల్లిల రెనాల్ట్ జేసేటోడున్నడు పో అంటె, వాడు ఈ బోర్డు జూసి నా లెక్కనే నిజాంబాద్ వోతడు."

సుజాత మొగుడి ముందుకు వచ్చి నిలబడింది. "ఇప్పటికన్న రెనాల్ట్ అని రాయించు."

గంగారాం చేతులు తుడుచుకుంటూ, "అందరు గట్లనే అంటున్నరు గదా, నీకేమైతది అని ఆడ నాకు గూడ చెప్పిండ్రు," అన్నాడు నెమ్మదిగా.

ఆమె గొంతు పెంచలేదు. "నా పేరేంది?"

"ఏందే గిప్పుడు?"

"చెప్పు. నా పేరేంది?"

"సుజాత."

"మా అవ్వగారింట్ల?"

"పోశవ్వ."

"పట్టా పాస్‌బుక్కుల ఏముంది?"

"సుజాత ఉరఫ్ పోశవ్వ."

"మా అవ్వ పోశవ్వా అని పిలిస్తె నేను సుజాత గాకుండ పోయిన్నా? రెండిట్లకు పలుకుత. నీ బండి గూడ రెండిట్లకు పలుకుతది. రాయి అన్నా, రెనో ఉరఫ్ రెనాల్ట్."

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఉరఫ్ అనేది ఉర్దూ నుంచి వచ్చిన పదం, 'అని కూడా పిలవబడే' అని అర్థం. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల నుంచి మా జిల్లా నోళ్లలోకి వచ్చింది. పట్టాల్లో, కోర్టు కాగితాల్లో, ఓటర్ల జాబితాల్లో, ఒక్కొక్కసారి పెళ్లి పత్రికల్లో కూడా కనిపిస్తుంది. నా చేత్తో ఎన్ని చోట్ల రాశానో చెప్పలేను. గ్రంథాలయంలో కూర్చొని ఐదు దేశాల ఉచ్చారణలు వెతికినప్పుడు ఆ మాట నాకు తట్టలేదు. అది పుస్తకంలో వెతికితే దొరికేది కాదు. వెతకాల్సిన మాట అని తోస్తే కదా.

"మా పట్టాల గూడ నర్సారెడ్డి ఉరఫ్ బుచ్చిరెడ్డి అనే ఉంటది," అన్నాడు నర్సారెడ్డి. "గిది మంచిగున్నది. గీ తీర్గ రాస్తే నాకు సమజైతుండె."

గంగారాం బోర్డు వైపే చూస్తున్నాడు. "ముందుగాల ఏది వస్తది?"

"పట్టాలో అసలు పేరే ముందు వస్తుంది," అన్నాను. "రెనో ముందు ఉంటుంది. రెనాల్ట్ తర్వాత, కొంచెం పెద్దక్షరాల్లో. అసలు పేరుకు ముందు చోటు, పిలిచే పేరుకు పెద్ద చోటు."

ఆయన తలూపాడు.

రేకు దించుకొని వచ్చి మళ్లీ ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత నుంచి మొదలుపెట్టాను. రెనో ఉరఫ్ రెనాల్ట్. ష్కోడా ఉరఫ్ స్కోడా. ఫోల్క్స్‌వాగెన్ ఉరఫ్ వోక్స్ వ్యాగన్. హ్యొన్‌దే ఉరఫ్ హుండాయ్. 'నిస్సాన్'కు మాత్రం ఉరఫ్ అక్కరలేదు, జపానులోనూ ఎడపల్లిలోనూ అది ఒకటే. ఉరఫ్ అన్న మాటను ప్రతిచోటా ఎర్ర రంగులో రాశాను.

బోర్డు మళ్లీ ఎక్కిన మొదటి రోజే రోడ్డు మీద జనం ఆగి నవ్వారు. కార్లకు కూడా పట్టాలిచ్చారా అని ఒకరు, బ్యాంకు లోను వస్తుందా అని ఒకరు. నవ్వినవాళ్లంతా పేర్లు చదివారు. నర్సారెడ్డి పంపిన స్కోడా ఒకటి మొదట వచ్చింది. తర్వాత నది అవతల మహారాష్ట్ర నుంచి ఒక మరాఠీ ఆయన, ఆ బోర్డు చదవరాకపోయినా, బోధన్ బజారులో విన్న మాట పట్టుకొని, "ఉరఫ్ గ్యారేజ్ కుఠే ఆహే?" అంటూ, ఎక్కడుందని అడుగుతూ వచ్చాడట. గ్యారేజ్‌కు ఏం పేరు పెట్టాలో గంగారాం ఎన్నడూ చెప్పలేదు. జనమే పెట్టుకున్నారు. ఇప్పుడు సాలూర నుంచి ధర్పల్లి దాకా అది ఉరఫ్ గ్యారేజ్.

ఈ పని తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు ఎవరు ఏ పేరు రాయమన్నా, స్పెల్లింగ్ చెప్పండి అనేవాణ్ణి. గ్రంథాలయానికి ఇప్పుడూ పోతాను, పేరు పుట్టినచోట ఎట్లా పలుకుతారో ఇప్పుడూ వెతుకుతాను. ఆ చదువు వృథా అని నేననుకోను. దానికి తోడు ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతాను, ఈ పేరుతో మిమ్మల్ని ఎవరు పిలుస్తారు అని. బోర్డు మీద పేరు రాయించుకునేవాడిదే అయినా, దాన్ని పలికే నోరు దారిన పోయేవాడిది. ఆ ఇద్దరిలో ఎవరినీ తప్పు చేయకుండా రాయగలగడం మా వృత్తిలో ఉందని నాకు తెలియజెప్పింది చాట ముందు నుంచి లేచి వచ్చిన ఒక బీడీ కార్మికురాలు.

ఉగాది దాటిన తర్వాత గంగారాం ఒక్కడే మళ్లీ దుకాణానికి వచ్చాడు. బోర్డు అడుగున మెకానిక్ పేరు కూడా రాయాలన్నాడు. బ్రష్‌లు పట్టుకొని ఆయన బండి మీదే ఎడపల్లి పోయాను. గ్యారేజ్‌లో రెండు కార్లు ఉన్నాయి, ఇంకొకటి రోడ్డు మీద ఆగి ఉంది. నిచ్చెన ఎక్కి, దారంతో సుద్ద గీత కొట్టి, ఎడమ వైపు నుంచి 'గంగారాం' అని రాశాను.

అన్ని పేర్లకూ రాసిన అలవాటు కొద్దీ కిందికి చూసి, "ఉరఫ్ జాంజారాం అని కూడా వేయాలా?" అని ఆటపట్టించాను.

గంగారాం కారు కింద నుంచి తల బయటపెట్టాడు.

"వద్దన్నా. గా పేరు మీదున్న వీసా మొన్ననే ఖతమైంది," అన్నాడు.

పేరు పక్కన ఇంకో మాట పట్టేంత చోటు మిగిలింది. లేఅవుట్ ప్రకారం అది పొరపాటు. దాన్ని అట్లాగే పసుపుగా వదిలేసి నిచ్చెన దిగాను.